నాలుగు గీతలు

మా లంకలో కరెంటు పోతే ఎవరూ పట్టించుకోరు, వస్తేనే తలెత్తి చూస్తారు. నేను పుట్టి పెరిగిన ఊరు గనక ఈ మాట నేను అనొచ్చు, మీరు అనకూడదు. గోదారి రెండు పాయలుగా చీలి మళ్ళీ కలిసేచోట మధ్యలో మిగిలిన మట్టి అది. దానిమీద నలభై రెండు ఇళ్ళు, కొబ్బరితోటలు, అరటితోటలు, ఒక బడి, ఒక సెల్ టవరు. పేరు తాటిపాయలంక. అవతల గట్టుకి వెళ్ళాలంటే పడవ కావాలి. పడవని పిలవాలంటే ఫోను కావాలి. ఫోను పలకాలంటే టవరుకి కరెంటు ఉండాలి. అక్కడికొచ్చి ఆగిపోయేది మా బతుకు.

కరెంటు పోయాక టవరు బ్యాటరీలు ఓ నాలుగు గంటలు లాగేవి. ఆ తర్వాత డీజిలు జనరేటరు. డీజిలు పడవలో రావాలి. వరదొస్తే పడవ రాదు. ఇంత తెలివైన ఏర్పాటు చేసినవాళ్ళని ఏమనాలో నాకిప్పటికీ తెలీదు. మా అన్నయ్య అబ్బులు మాత్రం ఇందులోంచే ఒక పద్ధతి పెట్టుకున్నాడు. లంకలో పెద్ద పడవ ఆయనదే. వరద రోజుల్లో ఫోను ముందు పెట్టుకుని కూర్చునేవాడు. సిగ్నలు గీతలు పోయాయంటే, "ఇంక మనకి కబురు చెప్పేవాడు లేడు, లేవండి" అని ఇంటింటికీ తిరిగి, ముసలీముతకా పిల్లాపీచూ అందర్నీ పడవెక్కించి గట్టు దాటించేవాడు. రెండు మూడుసార్లు నీళ్ళు రానే లేదు, అందరూ తిట్టిపోశారు. తిట్లు తిని ఊరుకునేవాడు గానీ మళ్ళీసారి గీతలు పోగానే మళ్ళీ అదే పని చేసేవాడు. ఆ పద్ధతి నడిచినన్నాళ్ళూ మా లంకలో వరదకి ఒక్క ప్రాణం పోలేదు.

పోయిన ప్రాణం పాముకి పోయింది. దుర్గ అన్నయ్యకి ఒక్కగానొక్క కూతురు, పదిహేడేళ్ళది. పదేళ్ళ కిందట ఒక మధ్యాహ్నం అరటాకులు కోస్తుంటే కరిచింది. పొద్దున్నుంచీ కరెంటు లేదు, టవరు చచ్చి పడుంది. మా వదిన మాణిక్యం రేవులో మోకాళ్ళలోతు నీళ్ళలో నిలబడి అన్నయ్యకి ఫోను కొడుతూనే ఉందట. లంకలో ఇంకో పడవ లేదు, అన్నయ్య తన పడవ అవతల రేవులో కట్టేసి గట్టుమీద టీ తాగుతున్నాడు. మనిషి కనిపించేంత దగ్గర, కేక వినిపించనంత దూరం. ఆయన తీరిగ్గా తిరిగొచ్చేసరికి పిల్ల లేదు.

దినం నాడు నేను వదిన పక్కన కూర్చుని, "చావని ఫోను తెచ్చిస్తాను వదినా" అన్నాను. అలాంటి మాట అనేముందు మనిషన్నవాడు కాస్త ఆలోచించుకోవాలి. నాకు ఆ అలవాటు మొదట్నుంచీ లేదు.

*

నా పేరు నూకరత్నం. కాకినాడలో ఒక ల్యాబులో సూక్ష్మజీవుల మీద పని చేస్తాను. దుర్గ పోయిన నెలకి మా రేవులోని ఒండ్రు ఒక బకెట్టునిండా తెచ్చి ల్యాబులో పెట్టాను. అది కుళ్ళి కంపు కొడుతుంటే పక్క గదులవాళ్ళు ముక్కుకి గుడ్డ కట్టుకుని వచ్చి మరీ దెబ్బలాడేవారు. అందులో రెండు కార్బను పలకలు గుచ్చి, వాటికి తీగలు కట్టి, చివర గురివింద గింజంత దీపం పెట్టాం. దీపం మినుకుమినుకుమంది. నా చద్దన్నం క్యారేజీలో మిగిలిన గంజి తీసి బకెట్టులో పోశాను. పావుగంటకి దీపం కాస్త ఎక్కువ వెలిగింది.

"తిన్నాయండి మేడం" అన్నాడు షరీఫ్. కరెంటు బోర్డులు తయారుచేసే కుర్ర ఇంజనీరు అతను, నాకంటే ఇరవయ్యేళ్ళు చిన్న, నాకంటే ఓపిక ఎక్కువ.

అంతే సంగతి. ఒండ్రులో కొన్ని జీవులుంటాయి. తిండి తిని మనం ఊపిరి వదిలినట్టు అవి కరెంటు వదుల్తాయి. ఆ వదిలేది మరీ చీమ తలకాయంత. దాన్ని టవరు నడిపేంత చెయ్యడానికి నాకు ఆరేళ్ళు పట్టింది. ఎక్కువ వదిలేవాటిని ఏరి, వాటి పిల్లల్లోంచి మళ్ళీ ఏరి, అరవై మూడో రకం దగ్గర ఆగాను. ఆ రకంతో గదంత సిమెంటు తొట్టి నింపి, రోజూ నాలుగు బిందెల కుడితి పోస్తే, సెల్ టవరు రాత్రీపగలూ నడుస్తుంది. సూర్యుడక్కర్లేదు, డీజిలక్కర్లేదు. బియ్యం కడిగిన నీళ్ళు, గంజి, కూరగాయ తొక్కలు చాలు. అవి లేని కొంప మా లంకలో లేదు.

తొట్టి మా లంకలోనే మొదట కట్టాం. అన్నయ్య ఇటుకలు తన పడవలోనే మోశాడు. ఊరంతా దాన్ని ఫోను గోలెం అన్నారు. ప్రయోగం మొదలైన వారంలోనే ఒక గొడవ జరిగింది. అదే ఈ కథంతటికీ మూలం గనక సరిగ్గా చెప్తాను.

టవరు చేసే పనులు రెండు. మీ ఫోనుకి "నేనిక్కడ ఉన్నాను" అని చెప్పడం ఒకటి. మీకు కనిపించే గీతలు అవే. మీ మాటని ఏరు దాటించి అవతల గట్టుమీది టవరుకి అందించడం రెండోది. మొదటి పనికి కరెంటు ఇంతే పడుతుంది, రెండోదానికి బోలెడు కావాలి. గోలెం ఆకలిమీదుంటే మాట ముందు ఆగిపోతుంది. గీతలు చూపించడానికి మాత్రం ఇంకో రెండు రోజులకి సరిపడా కరెంటు ఉంటుంది. షరీఫ్ పెట్టిన బోర్డు మాట ఆగిపోగానే గీతల్ని కూడా ఆర్పేసేది.

ఒకరోజు ఆడవాళ్ళు అరటి గెలలు కొట్టే పనిలో పడి కుడితి పొయ్యడం మర్చిపోయారు. మిట్టమధ్యాహ్నం గీతలు ఆరిపోయాయి. అన్నయ్యకి అలవాటైన పద్ధతే గదా, ఎండ మండిపోతున్నా "లేవండి" అని కేకేశాడు. జనం పరుగున రేవుకొచ్చారు. ఆ తొక్కిడిలో రాఘవమ్మ పెద్దమ్మ మెట్లమీద జారి తుంటి విరగ్గొట్టుకుంది. ఈలోగా ఎవరో కుడితి పోస్తే అరగంటలో గీతలు మళ్ళీ లేచాయి. మర్నాడు నేను వెళ్తే ఊరు ఊరంతా నామీద పడ్డారు.

"ఆకాశంలో చుక్క మబ్బు లేకపోయినా మమ్మల్ని పడవెక్కిస్తావేంటే రత్నం? ఇదా నువ్వు చదివిన చదువు?" అంది మా పక్కింటి మంగతాయారు.

ఒళ్ళు మండిపోయింది నాకు. ల్యాబుకొచ్చి షరీఫ్‌తో, "మాట ఆగినా గీతలు ఆర్పకు" అన్నాను.

"మాట వెళ్ళనప్పుడు గీతలు చూపించకూడదండి."

"అరగంటలో లేచిపోతుంది కదయ్యా. ఆ అరగంటకోసం ఊరంతా కాళ్ళూ నడుములూ విరగ్గొట్టుకోవాలా?"

"లేవకపోతేనండి?"

"ఎందుకు లేవదు? ఆకలేస్తే తిండి పెడతారు. తిండి పెడితే లేస్తుంది. నాకు తెలీదా దాని సంగతి?"

అతను కాసేపు టేబులు మీది తీగల్ని సర్దుతూ నిలబడ్డాడు. తర్వాత బోర్డు మార్చాడు.

*

ఆ తర్వాత మూడేళ్ళు మా లంకకి బంగారంలాంటి రోజులు. తుపానుకి చుట్టుపక్కల ముప్ఫై ఊళ్ళలో స్తంభాలు పడిపోయి వారం రోజులు చీకటైతే, తాటిపాయలంకలో మాత్రం ఫోన్లు మోగుతూనే ఉన్నాయి. పురుడొచ్చిన పిల్లకి పడవ పిలిచారు. గుండె పట్టేసిన కరణంగారికి డాక్టరు చేత ఫోనులో వైద్యం చెప్పించారు. అన్నయ్య నన్ను చూసినప్పుడల్లా నా నెత్తిమీద చెయ్యి వేసి నిమిరేవాడు. యాభయ్యేళ్ళ దాన్ని, ఊళ్ళో అందరి ముందూ అలా నిమిరితే నాకు సిగ్గేసేది.

గోలెం చూసుకునే పని వదిన తీసుకుంది. వంతులు వేసి, ఎవరు ఏ పూట పొయ్యాలో చెప్పి, పొయ్యనివాళ్ళ గుమ్మంలో నిలబడి దులిపేది. నేను మొదట్లోనే ఊరి ఆడవాళ్ళని కూర్చోబెట్టి, "ఇది ప్రాణమున్న మట్టి. దీనికి ఆకలేస్తుంది, చలేస్తుంది. మీ ఇంట్లో బిడ్డనుకుని చూసుకోండి" అని చెప్పాను. ఫినాయిలు పొయ్యకూడదనీ, సబ్బునీళ్ళు పొయ్యకూడదనీ, పురుగుమందు డబ్బాలు దగ్గరికి రానివ్వకూడదనీ కూడా చెప్పాను. వాళ్ళు ఒక్కటీ తప్పలేదు.

మరుసటేడు వెళ్ళేసరికి గోలెం గోడకి సున్నం వేసి బొట్లు పెట్టి ఉంది. మూత దగ్గర రెండు మందారాలు కూడా పెట్టారు. నేను నవ్వుకుని ఫోటో తీసుకున్నాను. హైదరాబాదులో పెద్ద సభలో ఆ ఫోటో తెరమీద వేస్తే అందరూ చప్పట్లు కొట్టారు. ఆ సభ తర్వాతే గోదారిలో ఇంకో పన్నెండు లంకలకి ఇలాంటి గోలేలు మంజూరు చేశారు. బోర్డులన్నీ షరీఫే చేశాడు, అన్నీ ఒకటే రకం.

ఇంకో మార్పు కూడా వచ్చింది. అదివరకు ఎగువన నీళ్ళు ముంచుకొస్తుంటే వీలు చిక్కినప్పుడు వరద చూసే ఆఫీసు నుంచి మనిషి మోటారు పడవలో వచ్చి దండోరా వేసి పోయేవాడు. మా ఫోను చావదని తెలిశాక పడవ మానేశారు. ఫోనే చేస్తామన్నారు. అన్నయ్య నంబరు రాసుకున్నారు.

"వరదప్పుడు మీరెవరూ ఊరికే ఫోన్లు చెయ్యకండి అన్నయ్యా. గోలెం బలం మిగుల్చుకోవాలి. వాళ్ళే చేస్తారు, నువ్వు ఎత్తు, చాలు" అని నేనే చెప్పాను.

"నువ్వు చెప్పేక ఇంకేముంది" అన్నాడు.

*

ఆ ఏడు శ్రావణంలో గోదారి ఎర్రగా లేచింది. వరదలో తీగలు తెగి నీళ్ళలో పడతాయని కరెంటోళ్ళు పొద్దున్నే లైను తీసేశారు. ఇది ఏటా ఉండేదే. నీళ్ళు రేవు మెట్లు ముంచాయి. ఇదీ ఏటా ఉండేదే. మా ఆడవాళ్ళు గోదారి పొంగితే పసుపూ కుంకుమా చీరా ఇచ్చి, చల్లబడు తల్లీ అని దణ్ణం పెట్టుకుంటారు. ఆరోజూ పెట్టుకున్నారు. ఆ తర్వాత మా వదినకి ఒక ఆలోచన వచ్చింది.

నీళ్ళు లేస్తున్నాయి, కరెంటు లేదు. మనల్ని కాపాడేది ఇంక ఆ గోలెం ఒక్కటే. రోజూ ఎంగిలి గంజీ తొక్కులూ పోస్తున్నాం దానికి. ఇలాంటి రోజునైనా శుభ్రంగా నాలుగు పసుపునీళ్ళు పోసి చల్లబరచకపోతే ఎలా అనుకుంది. బిడ్డకి సుస్తీ చేస్తే పసుపూ వేపాకూ వేసి స్నానం చేయించరూ, అలాగే. కాదనే మనిషే లేకపోయింది. నలభై రెండిళ్ళ ఆడవాళ్ళూ ఇంటికో బిందె పసుపునీళ్ళు కలిపి, వేపరెమ్మలు వేసి, తలో బిందే మూత తీసి పోశారు. దుర్గ పేరు తలుచుకుని వదిన రెండు బిందెలు పోసిందట.

పసుపు ఎందుకు రాసుకుంటాం మనం, వేపాకు ఎందుకు కడతాం? పుండులో పురుగు చావడానికే. ఇది ఆరో తరగతి పిల్లకి కూడా తెలుసు. నాకు తెలీదా? ఫినాయిలు వద్దన్నాను, సబ్బు వద్దన్నాను. పసుపు వద్దని చెప్పాలని నాకు తట్టనేలేదు. గోడమీద బొట్లు చూసి నవ్వి ఫోటో తీసుకున్నదాన్ని నేను.

పన్నెండు దాటాక కాకినాడలో మా ల్యాబు తెరమీద తాటిపాయలంక గోలెం బలం తగ్గడం మొదలైంది. ఆకలేమోలే, పోస్తారు అనుకున్నాను. పన్నెండు ముప్పావుకి అంకెలు ఆగిపోయాయి. అంటే మాట ఏరు దాటడం ఆగిపోయింది. అరగంట చూశాను. లేవలేదు. అన్నయ్యకి ఫోను చేశాను, కలవలేదు. వదినకి చేశాను, కలవలేదు.

అప్పుడే వరద చూసే ఆఫీసు నుంచి నాకు ఫోను వచ్చింది. "మేడం, ఎగువన ఇంకో ఉద్ధృతి దిగుతోంది. రెండు గంటల్లో మీ లంకమీద మనిషిలోతు నీళ్ళుంటాయి. మీ అన్నగారికి పదకొండుసార్లు కొట్టాం, తగలట్లేదు. పడవ పంపుదామన్నా ఈ సుడుల్లో పోయేలా లేదు."

"పర్వాలేదండి. ఫోను చచ్చిపోతే మా అన్నయ్య ఆగడు. ఈపాటికి అందర్నీ గట్టుకి చేర్చేసి ఉంటాడు" అన్నాను. ఆ క్షణంలో నేను నిజంగానే అలా అనుకున్నాను.

షరీఫ్ నా కుర్చీ వెనక నిలబడి ఉన్నాడు. "మేడం, ఆయన ఫోనులో గీతలు పోవండి" అన్నాడు. "ఇంకో రెండు రోజులదాకా నాలుగూ ఉంటాయి."

కారు తాళం తీసుకుని బయటికి పరుగెత్తాను. కారులో గట్టుకి చేరడానికి రెండున్నర గంటలు పట్టింది. దారంతా ఫోను కొడుతూనే ఉన్నాను. గట్టుమీద జనం గుమిగూడి ఉన్నారు. లంక ఉన్నచోట కొబ్బరిచెట్లు, కిక్కిరిసిన జనంతో బడి డాబా, ఫోను గోలెం మూత కనిపిస్తున్నాయి. మూతమీద ఎనిమిదిమంది ఆడవాళ్ళు ఒకర్నొకరు పట్టుకుని కూర్చున్నారు. వాళ్ళలో మా వదినుంది. అన్నయ్య లేడు.

మొత్తం తొమ్మిదిమంది పోయారు. వాళ్ళలో ఆరుగురు ముసలివాళ్ళు, తుంటి విరిగిన రాఘవమ్మ పెద్దమ్మతో సహా. ఆ ముసలివాళ్ళని మోసుకొద్దామని మళ్ళీ నీళ్ళలోకి దిగిన అన్నయ్య మూడో రోజున ఎనిమిది మైళ్ళ దిగువన దొరికాడు.

*

నీళ్ళు తీశాక గోలెం మూత తెరిచాం. మట్టి పచ్చగా ఉంది. ల్యాబులో చూస్తే అరవై మూడో రకంలో ఒక్కటీ బతికి లేదు. విచారణ కమిటీ కారణం రాసిమ్మంది. "బయటి పదార్థాలు, ముఖ్యంగా పసుపు, వేపాకు కలవడం" అని రాశాను. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. గీతల గురించి ఎవరూ అడగలేదు, నేను రాయలేదు. షరీఫ్ ఆ కాగితం చదివి నా టేబులు మీద పెట్టి వెళ్ళాడు. ఆ నెలాఖరుకి వేరే ఊళ్ళో ఉద్యోగం చూసుకున్నాడు.

పసుపు అని నేను రాసిన మాట లంకకి చేరడానికి రెండు రోజులు పట్టలేదు. పోసింది అందరూ, పొయ్యమన్నది మాణిక్యం. అన్నయ్య పెద్దకర్మకి నూట యాభై విస్తళ్ళు వేయించాం. లంకనుంచి ఒక్క మనిషి వచ్చి కూర్చోలేదు. బతికుండగా ఎవరింట్లో పనున్నా ముందుండి నడిపినవాడికి ఆఖరున విస్తట్లో చెయ్యి పెట్టేవాళ్ళు లేకపోయారు. వదిన వండినదంతా తీసుకెళ్ళి ఏట్లో కలిపేసింది. నేను పక్కనే ఉన్నాను. ఒక్క మాట అంటే ఆవిడ మీద పడ్డ నింద సగమైనా దిగేది. నేను అనలేదు. సిగ్గు లేకుండా చెప్తున్నాను, భయమేసింది. అన్నయ్యని నువ్వే చంపావని నన్ను అంటారని భయమేసింది.

పన్నెండు లంకల్లో గోలేల మీద "పసుపు పోయరాదు" అని ఎర్రరంగుతో రాయించారు. దాంతో సమస్య తీరిపోయిందనుకున్నారు.

మేలో షరీఫ్ వచ్చాడు. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"వానలు వస్తున్నాయండి. పన్నెండు చోట్లా అదే బోర్డుంది. ఈసారి పసుపు కాకపోవచ్చు, ఇంకోటి అవుతుంది. ఏదైనా మాట ఆగిపోతుంది, గీతలు మాత్రం ఉంటాయి."

"మార్చాలంటే కారణం రాయాలి షరీఫ్."

"రాయండి."

"గీతలు చూసి ఆగిపోయారని రుజువేంటంటారు. చూసినవాడు బతికి లేడు."

"బతికున్నవాళ్ళని అడగండి" అని వెళ్ళిపోయాడు.

*

నేను లంకకి వెళ్ళేసరికి వదిన కొత్తగా వేసిన రేకులింటి అరుగుమీద కూర్చుని కొబ్బరాకుల్లోంచి ఈనెలు తీస్తోంది. పక్కింటి మంగతాయారు మా పక్కనించే పోతూ ఆవిడ వైపు చూడకుండా పోయింది. నేను కింద కూర్చుని మొత్తం చెప్పాను. బోర్డు సంగతి, షరీఫ్ వద్దన్న సంగతి, రిపోర్టులో దాచిన సంగతి. చెప్తూ ఏడ్చేశాను. ఆవిడ కత్తి ఆపలేదు.

"నాకు తెలుసు" అంది.

"ఏం తెలుసు వదినా?"

"గీతలున్నాయని తెలుసు. నేను రేవులో పడవ తాడు పట్టుకుని నిలబడ్డాను. ఆ ఆరుగుర్నీ మీ అన్నయ్య పడవెక్కించేశాడు. నీళ్ళ రంగు బాలేదు, నాకేదో తేడాగా ఉంది, వీళ్ళని ముందు దాటించేస్తాను అన్నాడు. వాన పడుతోంది. రాఘవమ్మత్త చలికి వణికిపోతోంది. ఈయన ఫోను తీసి చూశాడు. నాలుగు గీతలూ ఉన్నాయి. కబురు రాలేదంటే ఇంకా టైముంది, ఈ వానలో వీళ్ళనెందుకు తడపడం అన్నాడు. ఒక్కొక్కళ్ళనీ ఎత్తుకుని మళ్ళీ దింపాడు. మళ్ళీ ఇళ్ళలో కూర్చోబెట్టొచ్చాడు."

నేను కొంగుతో మొహం తుడుచుకున్నాను.

"మనమే ఫోను కొట్టి చూసుకుందాం అంటే, రత్నం కొట్టొద్దంది అన్నాడు. ఊళ్ళో ఎవరో కుర్రాడు కొడితే కలవలేదట అన్నాను. అందరూ ఒక్కసారే కొడుతున్నట్టున్నారు, అందుకే అన్నాడు. ఆ పైన, మా రత్నం పెట్టిన ఫోను, ఉందంటే ఉన్నట్టే అన్నాడు."

కత్తి పక్కన పెట్టి ఆవిడ మొదటిసారి నా మొహంలోకి చూసింది.

"ఆ వానలో రేవులో ఇంకెవరూ లేరు, ఆయన దింపినట్టు నాకు తప్ప ఎవరికీ తెలీదు. దిగినవాళ్ళు ఆరుగురూ పోయారు. నా పసుపు అంటున్నారు కదా, అననీ. నేను బతికే ఉన్నాను, పడతాను. ఆయన్నంటే పడేవాళ్ళెవరు? నువ్వు గీతల మాటెత్తావంటే, గీతలు చూసిందెవరు, ఏం చేశాడు అని తవ్వుతారు. ఎత్తనని నా చేతిలో చెయ్యి వెయ్యి రత్నం."

చెయ్యి చాపింది. ఈనెలు చీరుకుని వేళ్ళన్నీ గీరుకుపోయి ఉన్నాయి. నేను ఆ చేతిలో చెయ్యి వెయ్యలేదు. వేశానని చెప్పుకోగలిగితే ఎంత బావుణ్ణు. లేచి పడవెక్కి వచ్చేశాను.

నాలుగు రోజులు అన్నం సహించలేదు. ఐదో రోజున కొత్త రిపోర్టు రాశాను. బోర్డు మార్చమన్నది నేనని రాశాను. వద్దన్నది షరీఫ్ అని రాశాను. పడవెక్కిన ఆరుగుర్ని దింపిన మనిషి పేరు కూడా రాశాను. ముందు అది లేకుండా పంపి చూశాను గానీ, ఊరికే ఊహించి రాశారంటూ కమిటీ తిప్పి పంపింది. సాక్షి ఎవరో రాయమంది. రాశాను.

జూన్ నెలాఖరుకి పన్నెండు చోట్లా బోర్డులు మార్చారు. జూలైలో ఒక లంకలో పట్టపగలు గీతలు ఆరిపోతే జనం పడవలెక్కి గట్టు చేరారు. నీళ్ళు రాలేదు. తిట్టుకుంటూ తిరిగెళ్ళారట.

నా ఉద్యోగం పోయింది, దాని గురించి నాకేం బాధ లేదు. రిపోర్టు తాటిపాయలంకలో ప్రెసిడెంటుగారు బడి దగ్గర చదివి వినిపించారు. పసుపు నింద వదిన మీంచి దిగిపోయింది. మంగతాయారు వచ్చి ఆవిడ కాళ్ళమీద పడి ఏడ్చిందట. అదేరోజు సాయంత్రం రాఘవమ్మ పెద్దమ్మ కొడుకులు వచ్చి రేవులో కట్టేసున్న అన్నయ్య పడవని గొడ్డళ్ళతో ముక్కలు చేశారు. అడ్డుపడ్డవాళ్ళు లేరు. వదిన అరుగుమీద నిలబడి చూసిందట.

వారం తర్వాత నేను వెళ్ళాను. రేవునుంచి ఇంటిదాకా ఎవరూ నన్ను పలకరించలేదు. వదిన గుమ్మంలోకి వచ్చింది గానీ లోపలికి రమ్మనలేదు.

"నేను మోస్తానన్నాను కదా రత్నం" అంది. గొంతులో కోపం కూడా లేదు. "నన్ను మోయనివ్వలేకపోయావా."

పన్నెండు లంకలున్నాయి వదినా, అందామనుకున్నాను. ఈలోగా ఆవిడ తలుపు వేసేసుకుంది.